అద్దానికి ఇవతలి మంచు

“అద్దం ఎక్కించప్పా, పిల్లోనికి పడిశం పడ్తాది.”

బాగేపల్లి దాటి పది నిమిషాలు కాలేదు. అవ్వ ఆ మాట అనడం అప్పటికే మూడోసారి. డ్రైవరు తన వైపు అద్దం రెండు వేళ్ల సందు వదిలి ఉంచాడు. ఆ సందులోంచి వచ్చే గాలి నేరుగా పోయి వెనక కూర్చున్న అవ్వ చెవుల్లో దూరుతోంది. ఇక లాభం లేదని అదీ పూర్తిగా ఎక్కించేశాడు.

2024 కార్తీకంలో ఒక సోమవారం. ఇంకా తెల్లవారలేదు. పాత బండి, అందులో ఎనిమిది మంది. డ్రైవరు పక్కన పూల రైతు. మధ్య సీట్లో రైతు భార్య, చెల్లెలు, అత్త. ఈ అత్తనే డ్రైవరు అవ్వా అంటున్నాడు. ఆమె ఒళ్లో మూడేళ్ల మనవడు. వెనక ఎదురెదురు సీట్లలో ఇద్దరు బామ్మర్దులు, వాళ్ల కాళ్ల మధ్య చామంతి మూటలు. చిక్కబళ్లాపురం పూల మార్కెట్టులో మూటలు దింపి, అటునుంచి అటే నంది ఊరికి పోయి భోగనందీశ్వరుడి దర్శనం చేసుకోవాలని ప్రయాణం. కార్తీక సోమవారం కాబట్టి పూలకు నాలుగు రూపాయలు జాస్తి వస్తాయని రైతు ఆశ. ఒకే బాడుగలో దేవుడూ అయిపోతాడని అత్త లెక్క.

ఇదంతా ఆ డ్రైవరు చెప్పిందే. పేర్లు వద్దన్నాడు.

ఆ బండిలోకి ఎంత తడి ఎక్కిందో మాత్రం ఒకసారి చూడాలి. పూలు ముందురోజు సాయంత్రం కోసినవి. వాడకుండా నీళ్లు చిలకరించి గోతాల్లో కట్టారు. ఆడవాళ్లు ముగ్గురూ మూడున్నరకే లేచి తలస్నానం చేశారు. జుట్టు ఆరలేదు, తువ్వాళ్లు తలకు చుట్టుకునే ఎక్కారు. స్టీలు క్యారియర్లో వేడివేడి చిత్రాన్నం. ఫ్లాస్కులో కాఫీ పోసుకుని తాగారు కూడా. ఇక కాళ్ల కింద కార్పెట్టు సంగతి, అది తర్వాత చెప్తాను.

వర్లకొండ దగ్గరపడేసరికి ముందు అద్దం మూలలు తెల్లబడ్డాయి. తర్వాత అడుగు నుంచి పైకి పాకింది. డ్రైవరు వైపరు వేశాడు. రబ్బరు పొడి అద్దం మీద కిర్రుమంటూ అటూ ఇటూ తిరిగింది. తెలుపు తెలుపుగానే ఉంది. ఇంకా స్పీడుగా వేశాడు. అదే కిర్రు.

“మంచు చానా జాస్తిగా ఉందన్నా,” అన్నాడు రైతుతో.

వైపరు తుడిచినా పోనిది బయట లేదని ఆ క్షణంలో తట్టలేదు. తట్టకపోవడానికి కారణం ఉంది. ఈ రోడ్డు మీద బండి తోలేవాడెవడికీ 2023 అక్టోబరు 26 గుర్తు చేయనక్కర్లేదు. దసరా అయిన రెండో రోజు, గురువారం. బాగేపల్లి వైపు నుంచి బెంగళూరు పోతున్న సుమో ఒకటి పొద్దున ఏడు దాటాక చిక్కబళ్లాపురం ట్రాఫిక్ పోలీసు స్టేషను దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి మీద ఆగి ఉన్న ట్యాంకరును వెనక నుంచి గుద్దింది. 13 మంది పోయారు. చాలామంది గోరంట్ల వైపు నుంచి కూలికి బెంగళూరు పోయేవాళ్లు. దట్టమైన మంచులో దారి సరిగా కనపడకపోవడమే కారణమని అప్పుడు చెప్పారు. ఏడాది తిరిగినా ఈ దారి డ్రైవర్లకు కళ్ల ముందు ఏది తెల్లబడినా అది ఆ మంచే. భయం పెద్దదైతే దాని పక్కనున్న చిన్న కారణం కనపడదు.

లైట్లు పెద్దవి వేశాడు. ముందున్న వెలుగంతా అద్దం మీది తెలుపులో చెదిరి కళ్లకు కొట్టింది. మళ్లీ డిమ్ముకు దించాడు. అరచేత్తో అద్దం తుడిచాడు. చెయ్యి పోయినంత మేర రోడ్డు కనపడింది. హమ్మయ్య అనుకునేలోపు మళ్లీ మసక కమ్మింది. ఈసారి ఇంకా అన్యాయంగా, చేతి జిడ్డు గీతలతో సహా. ఎదురొచ్చే ప్రతి లైటూ ఆ గీతల మీద చీలిపోయి పది లైట్లవుతోంది.

డ్యాష్‌బోర్డు మీది పసుపు గుడ్డ తీసుకుని సీట్లోంచి ముందుకు వంగాడు. స్పీడు అరవై. ఆ వేగంతో సెకనుకు బండి దాదాపు 17 మీటర్లు పోతుంది. వంగి, తుడిచి, మళ్లీ వెనక్కి ఆనుకోవడానికి రెండు సెకన్లు పట్టిందనుకుందాం. అంటే 34 మీటర్లు. ఆ దూరమంతా బండి తోలింది నమ్మకమే.

రైతు కూడా ఊరికే కూర్చోలేక కండువా కొసతో తన వైపు అద్దం తుడుస్తున్నాడు. అతని మూరెడు కిటికీలోనే ముందు కనపడింది. ఎర్ర లైట్లు లేవు, ఇండికేటర్లు లేవు. వెనక చెట్టుకొమ్మ ఒకటి పడేసి ఉంది. టైరు పంక్చరైన లారీ, సగం రోడ్డు పక్కన, సగం రోడ్డు మీద.

“అన్నా, లారీ! లారీ!”

డ్రైవరు కుడికి తిప్పాడు. కొమ్మ చక్రాల కింద పటపటమంది. వెనక వస్తున్న బస్సు పెద్దగా హారను కొట్టుకుంటూ ఆనుకున్నట్టే పోయింది. ఒక చామంతి మూట బోర్లాపడి పూలు బామ్మర్దుల ఒళ్లో పోసుకున్నాయి. పిల్లవాడు లేచి ఏడుపు అందుకున్నాడు. అవ్వ ఏమీ అనలేదు. తర్వాత పేరేసంద్ర దాకా బండిలో ఎవరూ ఏమీ అనలేదు. అద్దాలు మాత్రం నాలుగూ దిగి ఉన్నాయి, బండి ఇరవై మీద నడిచింది.

పేరేసంద్రలో టీ హోటలు దగ్గర ఆపాడు. అక్కడ టీ తాగుతున్న లారీ డ్రైవరొకాయన, అనంతపురం వైపు మనిషి, బండి దగ్గరకొచ్చి తొంగి చూశాడు. తడి తువ్వాళ్లు, పూల మూటలు, ఇంతమంది జనం. నవ్వాడు.

“ఏమప్పా, లోపల నీళ్లు కాగబెట్టినారా?”

డ్రైవరు సీట్లో ఆయనే కూర్చున్నాడు. హీటరు, ఏసీ మీటల వైపు చూసి, ఒక చిన్న మీటను ఇటు నుంచి అటు జరిపాడు. కారు బొమ్మలో బాణం లోపలే గుండ్రంగా తిరిగే గుర్తున్న మీట అది. “ఇది ఎన్నాళ్ల నుంచి ఇట్ల పెట్టినావు?”

ఎన్నాళ్లేమిటి, ఎండాకాలం నుంచీ అంతే. చిక్కబళ్లాపురం చుట్టూ జల్లి క్రషర్లు. ఆ దుమ్ము లోపలికి రాకూడదని బయటిగాలి ఆపేశాడు. తర్వాత ఆ సంగతే మరిచాడు. అప్పటి నుంచి ఆ బండి తన లోపలి గాలినే తాను తిప్పుకుంటోంది.

“ఇప్పుడు ఏసీ వెయ్యి. వేడి మీట కూడా సగానికి తిప్పు. గాలి అద్దానికి తగిలేతట్ల పెట్టు.”

“ఏసీనా!” అవ్వకు మాట తిరిగొచ్చింది. “ఈ సలిలో ఏసీ ఎవరన్నా ఏస్తారా నాయనా?”

“సల్లబడేదానికి కాదవ్వా. ఆరబెట్టేదానికి.”

ఆ లారీ డ్రైవరు అన్న రెండో మాటలోనే అసలు విషయమంతా ఉంది. మనవాళ్లకు ఏసీ అంటే చల్లదనమే గాని, అది గాలిలోని తడిని పిండుతుందన్న ఆలోచన రాదు. ఏసీ లోపలి చల్లటి కాయిల్‌ను తాకినప్పుడు గాలిలోని ఆవిరి అక్కడే నీరై కిందికి కారిపోతుంది. ఎండాకాలంలో ఆగిన కారు కింద చుక్కలు చుక్కలుగా పడే నీళ్లు అవే. అలా తడి పోయిన గాలిని హీటరు వెచ్చబెడితే పొడిబట్టలా తయారై అద్దం మీది తేమను పీల్చేస్తుంది. వేడీ ఏసీ రెండూ ఒకేసారి వేయడం పెట్రోలు దండగ అనుకునేవాళ్లు ఉన్నారు. అద్దం మసకబారినప్పుడు మాత్రం ఆ రెండూ కలిసే పని చేయాలి. చాలా కార్లలో ముందు అద్దం బొమ్మ, దాని మీద మూడు వంకర బాణాలు ఉన్న బటన్ నొక్కితే ఇవన్నీ వాటంతటవే జరుగుతాయి. ఆ బటన్ ఏమిటో చాలామందికి తెలియదు. కారు కొన్నప్పుడు పాటల సిస్టమ్ గురించి అడిగినంత సేపు దాని గురించి ఎవరడుగుతారు?

లెక్క కూడా చూద్దాం. ఊరికే కూర్చున్న మనిషి ఊపిరి, చెమట కలిపి గంటకు సుమారు 40 గ్రాముల నీటిని ఆవిరిగా వదులుతాడు. ఎనిమిది మందికి 320 గ్రాములు. గాజు గ్లాసు నిండి పొర్లుతుంది. మరి గాలి ఎంత మోయగలదు? 20 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి సుమారు 17 గ్రాముల ఆవిరి కన్నా ఎక్కువ పట్టదు. 10 డిగ్రీలకు దిగితే 9 గ్రాములు దాటితే కష్టం. బండిలో ఉండేది నాలుగైదు ఘనపు మీటర్ల గాలి. బయట మంచు పడే వేళ ఆ గాలి ఎక్కేటప్పుడే సగానికి పైగా నిండి ఉంది. అద్దాలన్నీ మూస్తే పావుగంట చాలు, మిగిలిన జాగా కూడా నిండుతుంది. ఇది ఊపిరి లెక్క మాత్రమే. తడి జుట్టు, చామంతులు, చిత్రాన్నం పొగ ఇందులో కలపలేదు. నిండిన గాలికి బండిలో అన్నిటికన్నా చల్లగా తగిలేది ముందు అద్దం. బయటి చలిగాలి దాన్నే కొడుతూ ఉంటుంది కాబట్టి ఆవిరి వచ్చి దాని మీదే నీరవుతుంది.

నందికొండ ఎక్కేవాళ్లకు ఇదే తంటా ఇంకో రకంగా వస్తుంది. కొండ ఎత్తు 1,478 మీటర్లు. కింద మైదానం కన్నా అయిదారు వందల మీటర్లు పైన. పైకి పోయేకొద్దీ మూడు డిగ్రీలకు పైగా చల్లబడుతుంది. సూర్యోదయం చూడాలని బెంగళూరు నుంచి చీకట్లో బయల్దేరిన కుర్రాళ్లు అయిదుగురు, అద్దాలు మూసి, పాటలు పెట్టి మలుపులెక్కుతారు. సరిగ్గా మలుపుల దగ్గరే అద్దం తెల్లబడుతుంది. పైన మేఘాలు కింద ఉన్నట్టు కనపడే వింత కోసం పోతారు. కారులోనే ఒక మేఘం తయారు చేసుకున్నామని వాళ్లకు తోచదు.

అద్దం శుభ్రంగా ఉంటే ఇంత మసక ఉండదన్నది కూడా నిజమే. 1911లో లార్డ్ రేలీ అనే భౌతిక శాస్త్రవేత్త నేచర్ పత్రికలో సరిగ్గా దీని మీదే రాశాడు. గాజు పలక మీద మంటను ఒక గీతలా పోనిచ్చి, చల్లారాక ఊపిరి ఊదాడు. మంట తగిలిన చోట నీరు పలచటి పొరలా పరుచుకుంది. మిగతా చోట సన్నటి చుక్కలుగా నిలిచింది. పొరలోంచి చూపు పోతుంది. చుక్కలు వెలుతురును చెదరగొడతాయి. జిడ్డు, దుమ్ము ఉన్న అద్దం మీద చుక్కలే పడతాయి. అరచేత్తో తుడవడం అంటే ఆ చుక్కలకు మళ్లీ పీట వేయడమే. డ్రైవర్లు షాంపూ నీళ్లతో లోపలి అద్దం తుడిచి పొడిగుడ్డతో మెరుగుపెట్టే పద్ధతి అందుకే పనిచేస్తుంది. కాకపోతే ఎనిమిది మంది తడి మనుషులకు ఏ షాంపూ ఆగదు.

నెల్లూరు, విజయవాడ వాళ్లు ఇది చదివి “మాకు బయటే పడుతుంది కదా” అనవచ్చు. అదీ ఉంది. వానాకాలం ఉక్కలో ఏసీ 18 మీద పెట్టి తిరిగితే అద్దం చల్లబడి బయటి గాలిలోని తేమ బయటివైపే కూర్చుంటుంది. దాన్ని వైపరు ఒక్క తుడుపుతో తీసేస్తుంది. అప్పుడు చేయాల్సింది ఏసీ తగ్గించడం. ఒకదాని మందు ఇంకోదానికి వేస్తే జబ్బు ముదురుతుంది. కాబట్టి మొదట ఒకసారి వైపరు వేసి చూడాలి, అది చెప్తుంది ఏ వైపో.

పేరేసంద్రలో రెండు నిమిషాలకే అద్దం అడుగు నుంచి అర్ధచంద్రంలా తేటపడుతూ పైకి వచ్చింది. పిల్లవాడు ఏడుపు మాని దాన్నే చూస్తూ కూర్చున్నాడు. అవ్వ షాలు తల మీదుగా కప్పుకుంది. గాలి తనకు తగలడం లేదని ఒకటికి రెండుసార్లు చేయి చాచి చూసుకుని, సరేనంది. మార్కెట్టుకు ఆలస్యంగానే చేరారు. అనుకున్న రేటు రాలేదు. రైతు దాని గురించి డ్రైవరుతో ఒక్క మాట అనలేదట. అదే అతన్ని ఎక్కువ బాధపెట్టిందట.

వాళ్లను నందిలో గుడి దగ్గర దింపి డ్రైవరు చిక్కబళ్లాపురం వెనక్కొచ్చి తెలిసిన మెకానిక్కుకు బండి చూపించాడు. మెకానిక్కు మొదట వాసన చూశాడు. తియ్యటి వాసన, అద్దం మీద జిడ్డు మసక ఉంటే హీటరు కాయిలు కారుతోందనీ, రేడియేటరులో పోసే కూలెంటు ఆవిరై లోపలికొస్తోందనీ అర్థం. ఇక్కడ ఆ వాసన లేదు, బురద వాసన ఉంది. ఎడమ పక్క సీటు ముందు కార్పెట్టు మూల ఎత్తి, దాని కింది స్పాంజి పిడికిట్లో పట్టి పిండాడు. నీళ్లు ధారగా కారాయి.

బండి రోజూ వేపచెట్టు కింద నిలుస్తుంది. వైపర్ల కింద, బానెట్టు అంచున వాననీళ్లు పోయే సందులో వేపాకు, క్రషరు దుమ్ము కలిసి గట్టిగా పేరుకుపోయాయి. అక్టోబరు వానల నీళ్లు పోయే దారి లేక లోపలికి దిగి స్పాంజిలో నిలవయ్యాయి. ఊపిరి లెక్కకు తోడు ప్రతి రాత్రీ ఈ నీళ్లు కూడా ఆవిరవుతున్నాయన్నమాట. మెకానిక్కు కంపిపుల్లతో ఆ మట్టంతా లాగాడు. మగ్గుతో నీళ్లు పోసి చూస్తే కింద చక్రం దగ్గర కారాయి.

“కార్పెట్టు రెండు దినాలు ఎండలో ఉండాల,” అన్నాడు.

రేపు ఇంకో బాడుగ ఉంది. కార్పెట్టు అక్కడే విప్పి వదిలేసి, డ్రైవరు ఉత్త రేకు మీదే బండి తోలుకుని నందికి పోయాడు. గుడి నుంచి వచ్చిన అవ్వ కాలు లోపల పెట్టి వెనక్కి తీసుకుంది.

“ఇదేందప్పా, రేకు ఐసు మాదిరి ఉంది.”

బామ్మర్దులిద్దరూ ఖాళీ పూల గోతాలు తెచ్చి కింద పరవబోయారు. అవి ఇంకా తడిగానే ఉన్నాయి. డ్రైవరు వాటిని గబగబా లాక్కుని పైన క్యారియరుకు వేసి తాడుతో కట్టేశాడు.