అచ్చు: కాగితం మీద నొక్కిన మాట

జర్మనీలోని హాలేలో 1746 ప్రాంతంలో బెంజమిన్ షుల్జ్ తెలుగు పుస్తకాలు ముద్రించాడు. ‘అచ్చు’ అనే మాట మనకు అంతకన్నా పాతది. తమిళ, కన్నడ, మలయాళాల్లోనూ ఉన్న ఈ ద్రావిడ పదానికి మూస అని అర్థం. బెల్లం అచ్చులోని అచ్చు ఇదే. సీసపు అక్షరం కాగితాన్ని నొక్కడం కూడా మూస పనే కనుక, కొత్త పదం వెతుక్కోనక్కర్లేకపోయింది. పాత పుస్తకాన్ని గుర్తుపట్టడానికి ఈ అర్థమే మంచి దారి అని నా నమ్మకం. పుట తిప్పి వెనక వేలికొసతో తడమండి. అక్షరాలు సన్నగా ఉబ్బి తగిలితే అది సీసపు అచ్చు. ఆఫ్‌సెట్‌లో తీసిన పునర్ముద్రణ నున్నగా ఉంటుంది.

చిత్రకారుడు రవివర్మ పటాల్లో నొక్కు ఉండదు కదా, వాటినీ అచ్చు బొమ్మలనే అంటాం కదా అని అడగవచ్చు. నిజమే. 1894లో బొంబాయిలో మొదలైన ఆయన ప్రెస్సులో బొమ్మ చదునైన రాతి మీద నుంచి దిగేది. జిడ్డుకూ నీటికీ పొసగకపోవడమే ఆ పనికి ఆధారం. అక్కడ ‘అచ్చు’ అనే మాట నొక్కును వదిలి, ప్రతులన్నీ ఒకేలా వచ్చే పోలికను పట్టుకుంది. అలాంటి పటానికి వేలు కాదు, భూతద్దం కావాలి: రాతి అచ్చులో చుక్కలు ఎగుడుదిగుడుగా చెదిరి ఉంటాయి, ఆఫ్‌సెట్ నకలులో వరుస తీరి ఉంటాయి. ఇక, ఏళ్ల తరబడి బరువు కింద నలిగిన పుస్తకంలో నొక్కు చదునైపోవచ్చు. నొక్కు ఉంటే గట్టి సాక్ష్యమే. లేనంత మాత్రాన పుస్తకాన్ని కొత్తదని తోసేయకూడదు.