పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో హెచ్ఐవీ చికిత్స, చేతిఫోను

ఉమ్మడి నల్లగొండ జిల్లాలో, పాలమూరు అని పిలిచే ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో హెచ్ఐవీ రహదారుల వెంట, వలసల వెంట నడిచింది. హైదరాబాదు–విజయవాడ రోడ్డు చిట్యాల, నకిరేకల్, సూర్యాపేటల మీదుగా పోతుంది. హైదరాబాదు–కర్నూలు రోడ్డు షాద్‌నగర్, జడ్చర్ల, పెబ్బేరు మీదుగా కృష్ణానదిని దాటుతుంది. ధాబాల దగ్గర ఆగే లారీలు, మిర్యాలగూడ రైసుమిల్లుల ముందు లోడు కోసం కాచుకునే డ్రైవర్లు ఒక ఎత్తు. నారాయణపేట, మక్తల్, కొడంగల్ ప్రాంతాల నుంచి మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీసుకుని ముంబై, పుణెలకు బస్సెక్కే పాలమూరు కూలీలు మరో ఎత్తు. నివారణకైనా చికిత్సకైనా మొదటి నుంచీ చిక్కు ఒకటే. మనిషి ఒకచోట ఉండడు, కబురు పంపాలంటే దారి లేదు.

దేశంలో హెచ్ఐవీ తొలిసారి 1986లో చెన్నైలో బయటపడింది. 1992లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ, 1998లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర సంస్థ ఏర్పడ్డాయి. తీవ్రత ఎక్కువగా ఉన్న ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అప్పటి ప్రచారం చాలావరకు ఒకవైపే సాగింది: గోడరాతలు, కళాజాతలు, బస్టాండ్లలో హోర్డింగులు. ఎయిడ్స్ ప్రచారంలోని 'పులిరాజా' ఎవరో తెలియని ఊరు ఉండేది కాదు. కానీ హోర్డింగును తిరిగి ప్రశ్న అడగలేం. పరీక్ష చేయించుకుని వెళ్లిపోయిన మనిషిని మళ్లీ పిలవాలంటే ఉత్తరం రాయాలి, లేదా ఇంటికి మనిషిని పంపాలి. ఆసుపత్రి ముద్ర ఉన్న కవరైనా, గుమ్మం ముందు ఆగిన కొత్త మనిషైనా ఊరికి అనుమానం కలిగించడానికి చాలు. ఎస్టీడీ బూతులు ఉన్నా అక్కడి మాటలు వెనక వరుసలో నిలబడ్డ వాళ్ల చెవిన పడేవి.

ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు నిర్ణయాలు ఈ పరిస్థితిని మార్చాయి. 2003 మే నుంచి దేశంలో సెల్‌ఫోనుకు వచ్చే కాల్స్‌కు డబ్బు కట్టే పని లేకుండా పోయింది. 2004 ఏప్రిల్ 1న ప్రభుత్వం హెచ్ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులను ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. మొదట ఎనిమిది కేంద్రాలే ఉండేవి. తర్వాతి ఏళ్లలో అవి జిల్లా ఆసుపత్రులకు వచ్చాయి. ఈ మందు ఏ రోజూ మానకూడదు. మానితే వైరస్ మందుకు లొంగకుండా పోవచ్చు. మందులేమో అప్పట్లో నెలకోసారి వచ్చి తీసుకోవాల్సి ఉండేది. ముంబై దగ్గరి భివండిలో మగ్గం పనిలో ఉన్నవాడు, పుణెలో పునాదులు తవ్వుతున్నవాడు నెలనెలా మహబూబ్‌నగర్ రాలేడు. అతన్ని మందుల కేంద్రంతో కలిపి ఉంచడానికి ఫోనొక్కటే మిగిలింది. అదీ అప్పట్లో బ్యాలెన్సు అయిపోయినా మోగే ఫోను.

ఫోనును ఇలా వాడటంలో ఆర్భాటమేమీ లేదు. పేరు నమోదు చేసేటప్పుడు చిరునామాతో పాటు ఫోన్ నంబరు రాసుకుంటారు, ఫోన్ చేయవచ్చా అని అడుగుతారు. గడువు దాటినా రానివారి జాబితా తీసి కౌన్సెలరో, ఔట్‌రీచ్ వర్కరో ఫోన్ చేస్తారు. ఊరు మారినవారికి దగ్గరలోని మరో కేంద్రానికి బదిలీ కాగితం ఇప్పిస్తారు. అసలు కష్టం ఫోనెత్తేది ఎవరన్న దగ్గర మొదలవుతుంది. ఇంట్లో ఒకటే ఫోను ఉంటే, అది భర్త జేబులోనో కొడుకు చేతిలోనో ఉంటుంది. అందుకే అవతలి గొంతు ఎవరిదో తేలేదాకా జబ్బు పేరు ఎత్తకూడదు. నంబర్లు కూడా నిలకడగా ఉండవు. కొత్త ఆఫరు వస్తే సిమ్ము మారుతుంది, రిజిస్టరులోని పాత నంబరు పలకదు.

ఫోనుతో పైనుంచి వచ్చిన ప్రయోగాలూ ఉన్నాయి. 2005 డిసెంబరు 1న ఢిల్లీకి చెందిన జెడ్‌ఎంక్యూ సంస్థ రిలయన్స్ ఫోన్లలో హెచ్ఐవీ అవగాహన ఆటలు పెట్టింది. 2008లో బీబీసీ వరల్డ్ సర్వీస్ ట్రస్టు 'కండోమ్ కండోమ్' అని పాడే రింగ్‌టోను విడుదల చేసింది. దాన్ని లక్షల మంది దించుకున్నారు, పత్రికల్లో బాగా నవ్వుకున్నారు. మాటను నలుగురిలో పలికించడమే దాని ఉద్దేశం, అంతవరకు నెరవేరింది.

చికిత్సకు సంబంధించిన ఆశ ఎక్కువగా కెన్యా నుంచి వచ్చింది. అక్కడ వారానికోసారి చిన్న సందేశం పంపి బాగోగులు అడిగితే, మందు క్రమంగా వేసుకునేవారు సందేశం రానివారిలో 50 శాతం, వచ్చినవారిలో 62 శాతం ఉన్నట్టు 2010లో తేలింది. పాలమూరులో అదే పద్ధతి పెట్టాలంటే అడ్డంకి అక్షరం దగ్గరే. 2011 జనగణనలో మహబూబ్‌నగర్ అక్షరాస్యత 55 శాతం. ఆడవారిలో సగం మందికి కూడా చదువు రాదు. పైగా అప్పటి చవక ఫోన్లలో చాలావాటికి తెలుగు లిపి రాదు. గొంతుతో పలకరిస్తే సరిపోతుందా అన్నది దక్షిణాదిలోనే పరీక్షకు వచ్చింది. మూడు చికిత్సా కేంద్రాల్లో 631 మందితో జరిపిన అధ్యయనంలో ప్రతివారం స్థానిక భాషలో యంత్రం ఫోన్ చేసేది, బొమ్మ సందేశం వెళ్లేది. రెండేళ్ల తర్వాత చూస్తే ఫోన్ వచ్చినవారికీ రానివారికీ మందు విఫలం కావడంలో తేడా లేదు. 2014లో బీఎంజే వైద్య పత్రికలో వచ్చిన ఈ ఫలితానికి తగినంత పేరు రాలేదు. యంత్రం పలకరింపు తెలిసిన కౌన్సెలర్ పలకరింపుకు సాటి కాగలదా అన్న ప్రశ్నను అది మిగిల్చింది.

మిస్డ్ కాల్‌ను మందుకు జోడించిన పద్ధతి 99డాట్స్. హెచ్ఐవీతో పాటు క్షయ కూడా ఉన్నవారికి దీన్ని ఏఆర్‌టీ కేంద్రాల ద్వారా అమలుచేశారు. అట్టలోంచి మాత్ర బయటికి తీస్తే దాని వెనక దాగిన నంబరు కనిపిస్తుంది. ఆ నంబరుకు డబ్బు పడని కాల్ చేస్తే మందు వేసుకున్నట్టు కంప్యూటరులో నమోదవుతుంది. పైసా ఖర్చు లేకుండా కబురందించే మిస్డ్ కాల్ అలవాటు పల్లెల్లో అప్పటికే ఉన్నదే. అయితే తర్వాత చెన్నై, వేలూరు, ముంబైలలో మూత్రపరీక్షలతో సరిచూస్తే కాల్ లెక్క, మందు లెక్క సరిగ్గా కలవలేదు.

ఇదే ఫోను నివారణ పనిని చిక్కుల్లోనూ పడేసింది. ధాబా దగ్గర, బస్టాండు దగ్గర కనిపించే సెక్స్ వర్కర్లను పీర్ ఎడ్యుకేటర్లు కలిసి కండోములు ఇచ్చేవారు, పరీక్షలకు తీసుకెళ్లేవారు. 2000ల చివరికి వారు విటులతో ఫోన్‌లోనే మాట్లాడుకోవడం మొదలైంది. పోలీసుల వేధింపు తగ్గింది, దళారి మీద ఆధారపడటం తగ్గింది. కానీ ఎవరు ఎక్కడ ఉన్నారో నివారణ కార్యక్రమానికి తెలియకుండా పోయింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన అధ్యయనాలు ఈ మార్పును నమోదు చేశాయి. పటాల మీద హాట్‌స్పాట్లు గుర్తించి పనిచేసే పద్ధతికి పెద్ద దెబ్బ ఇదే.

2014లో తెలంగాణ ఏర్పడి ఈ జిల్లాలు అందులోకి వచ్చాయి. ఆ ఏడాది డిసెంబరులో జాతీయ ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097ను కొత్తగా మొదలుపెట్టారు. 2018 సెప్టెంబరు 10న అమల్లోకి వచ్చిన హెచ్ఐవీ చట్టం, సమ్మతి లేకుండా ఒకరి హెచ్ఐవీ స్థితిని వెల్లడించడాన్ని నిషేధించింది. రికార్డులను భద్రంగా ఉంచే బాధ్యతను సంస్థల మీద పెట్టింది. రిజిస్టరులోని ఫోన్ నంబరుకు చట్ట రక్షణ దొరికింది.

2020 లాక్‌డౌన్‌లో బస్సులు ఆగినప్పుడు ఒకేసారి ఎక్కువ నెలల మందు ఇవ్వడానికి అనుమతి వచ్చింది. ఎవరి దగ్గర ఎన్ని మాత్రలు మిగిలాయో, ఎవరు ఏ ఊళ్లో చిక్కుకున్నారో ఫోన్లలోనే కనుక్కోవాల్సి వచ్చింది. 2021లో మొదలైన అయిదో దశ జాతీయ ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమం డేటింగ్ యాప్‌లలో, సోషల్ మీడియాలో ఉండేవారిని అక్కడే కలిసే పనిని కూడా చేర్చుకుంది.