నంబరు 1 కథ: కంప్యూటర్ నిద్ర లేచే పద్ధతి ఎలా మారింది

స్విచ్ వేయగానే కంప్యూటర్ పనికి సిద్ధం కాదు. ముందు కెర్నల్ లేస్తుంది. అది ఒక ప్రోగ్రామ్‌ను లేపుతుంది. యూనిక్స్‌లో దాని పేరు ఇనిట్, దాని నంబరు 1. మనం వాడే ప్రోగ్రాములన్నీ దాని పిల్లలు, మనవలు. అమెరికాలో చాలా ఏళ్లు యూనిక్స్ సర్వర్లు చూసుకున్నాను. అందుకే ఈ చరిత్రను నాకు వచ్చిన తెలుగులో చెబుతాను.

తొలి యూనిక్స్‌లో ఇనిట్ పని చిన్నది. ఆర్‌సీ అనే ఫైల్లోని ఆజ్ఞలను నడిపేది. తర్వాత టెర్మినల్స్‌లో లాగిన్ అడిగేది. 1983లో ఏటీ అండ్ టీ విడుదల చేసిన సిస్టమ్ ఫైవ్‌తో రన్‌లెవెల్స్ అనే పద్ధతి బాగా వ్యాపించింది. తెలుగులో వీటిని ‘దశలు’ అనాలా, ‘స్థితులు’ అనాలా? దశలు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. ఇక్కడ 3 నుంచి నేరుగా 1కి వెళ్లవచ్చు. కాబట్టి ‘స్థితి’ అనడమే సరి.

0 అంటే ఆగిపోవడం. 1 అంటే మరమ్మతు కోసం ఒక్కరే వాడే స్థితి. 6 అంటే రీబూట్. ఒక్కో స్థితికి ఒక ఫోల్డర్, అందులో వరస నంబర్లతో స్క్రిప్టులు ఉండేవి. రాత్రి 2 గంటలకు సర్వర్ లేవకపోతే ఆ స్క్రిప్టు తెరిచి చదివితే చాలు, ఎక్కడ ఆగిందో తెలిసేది.

కానీ నంబర్లకు అందరూ ఒకే అర్థం ఇవ్వలేదు. రెడ్ హ్యాట్ లినక్స్‌లో 5 అంటే గ్రాఫిక్ తెర. సోలారిస్‌లో 5 అంటే పవర్ ఆఫ్! పైగా స్క్రిప్టులు ఒకదాని వెనక ఒకటి నడిచేవి. మా గుడి వంటగదిలో పులిహోర అలా చేయం. ఒక పొయ్యి మీద అన్నం, ఇంకో పొయ్యి మీద చింతపండు పులుసు ఒకేసారి ఉడుకుతాయి. కలపడం మాత్రం రెండూ అయ్యాకే.

కంప్యూటర్లు కూడా ఆ దారి పట్టాయి. 2005లో ఆపిల్ లాంచ్‌డీ, సన్ కంపెనీ ఎస్ఎమ్ఎఫ్ వచ్చాయి. 2006లో ఉబుంటూ అప్‌స్టార్ట్ తెచ్చింది. 2010లో లెనార్ట్ పోటరింగ్, కే సీవర్స్ సిస్టమ్‌డీ మొదలుపెట్టారు. ఏ పనికి ఏది కావాలో ఇందులో రాసిపెడతాం. మిగిలినవి ఒకేసారి నడుస్తాయి. నంబర్ల చోట ‘మల్టీ-యూజర్’, ‘గ్రాఫికల్’, ‘రెస్క్యూ’ లాంటి పేర్లు వచ్చాయి.

2011లో ఫెడోరా 15 దీన్ని తీసుకుంది. డెబియన్‌లో మాత్రం పెద్ద గొడవ జరిగింది. 2014 ఫిబ్రవరిలో సాంకేతిక కమిటీ ఓట్లు సమానంగా చీలిపోతే, అధ్యక్షుడు బీడేల్ గార్బీ ఓటుతో సిస్టమ్‌డీ గెలిచింది. ఒప్పుకోనివాళ్లు కొందరు డెవువాన్ అని వేరుకుంపటి పెట్టారు. ఒకే ప్రోగ్రామ్ ఇన్ని పనులు నెత్తిన వేసుకోకూడదని, లాగ్‌లు మామూలు అక్షరాల్లో ఉండాలని వాళ్ల వాదన.

వేగం విషయంలో కొత్త పద్ధతిదే గెలుపు. పేర్లు కూడా నంబర్ల కన్నా మేలే. కానీ ఆ వాదనను కొట్టిపారేయలేను. యంత్రం లేవనప్పుడు దాని దగ్గర కూర్చునేది ఒక మనిషి. ఆ మనిషికి లోపల ఏం జరుగుతోందో చదివి తెలుసుకునే వీలు ఉండాలి. డెబియన్‌లో అంత గట్టిగా పోట్లాడుకున్నది ఊరికే కాదు.