సిగరెట్ పెట్టెల్లో చాంపియన్లు: తొలితరం బాక్సింగ్ కార్డుల చరిత్ర

అమెరికాలోని వర్జీనియా రాష్ట్రం, రిచ్‌మండ్ నగరానికి చెందిన ఆలెన్ అండ్ గింటర్ పొగాకు కంపెనీ 1887లో తన సిగరెట్ పెట్టెల్లో ‘ప్రపంచ చాంపియన్లు’ పేరుతో రంగుల కార్డులు పెట్టి అమ్మింది. ఒక్కో కార్డు ఒకటిన్నర అంగుళాల వెడల్పు, రెండుముప్పావు అంగుళాల పొడవు ఉండేది. మొత్తం 50 కార్డుల్లో బేస్‌బాల్ ఆటగాళ్లు 10 మంది, బాక్సర్లు 10 మంది. మిగిలినవారు పడవ పందేలలో, కుస్తీలో, తుపాకీ గురిలో, బిలియర్డ్స్‌లో పేరు మోసినవారు. పాత బాక్సింగ్ కార్డులు సేకరించే చాలామందికి ఆ పదిమందే ఆరంభం.

చాంపియన్ల బొమ్మలు దాచుకునే అలవాటు మాత్రం అంతకంటే పాతది. 1854లో ఫ్రాన్స్‌లో డిస్డెరి అనే ఫొటోగ్రాఫర్ చిన్న అట్ట మీద అంటించే ఫొటోల పద్ధతికి పేటెంట్ పొందాక బొమ్మల ధర బాగా తగ్గింది. 1860 ఏప్రిల్ 17న ఇంగ్లండ్‌లోని ఫార్న్‌బరోలో ఇంగ్లిష్ చాంపియన్ టామ్ సేయర్స్, అమెరికా నుంచి వచ్చిన జాన్ హీనన్ ఒట్టి చేతులతో తలపడ్డారు. ఆ పోరు ఫలితం తేలకుండానే ఆగిపోయినా, ఇద్దరి ఫొటోలకూ మంచి గిరాకీ వచ్చింది. అయితే ఫొటో కొనాలంటే దుకాణానికి వెళ్లి డబ్బు పెట్టాలి. సిగరెట్ కార్డు అలా కాదు, సిగరెట్లు కొన్న ప్రతివాడికీ ఊరికే దొరికేది. అందుకే చాంపియన్ ముఖం కూలివాడి జేబులోకి కూడా చేరింది.

కార్డు పెట్టడానికి కంపెనీలకు వేరే అవసరం కూడా ఉంది. అప్పటి సిగరెట్ పెట్టెలు పలచటి కాగితంతో చేసినవి. లోపల ఒక గట్టి అట్టముక్క ఉంటే సిగరెట్లు నలిగిపోవు. ఆ అట్ట మీద బొమ్మ వేస్తే ప్రకటన కూడా అయింది, మొత్తం వరస పోగుచేయాలన్న ఆశతో కొనేవాడు మళ్లీ అదే బ్రాండు అడిగేవాడు. ఆలెన్ అండ్ గింటర్ వారి బ్రాండ్లలో ఒకటి ‘వర్జీనియా బ్రైట్స్’. గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతులు నేటికీ ‘వర్జీనియా’ అని పిలిచే పొగాకుకు ఆ రాష్ట్రం పేరే వచ్చింది. ఆ రోజుల్లో సిగరెట్లను చేత్తోనే చుట్టేవారు. చుట్టే యంత్రం కనిపెట్టినవారికి 75,000 డాలర్ల బహుమతి ఇస్తామని ఈ కంపెనీ ప్రకటించింది. ఆ బహుమతి ఊరించగా జేమ్స్ బోన్సాక్ అనే యువకుడు యంత్రం తయారుచేశాడు. కంపెనీ దాన్ని పరీక్షించి వద్దనుకుంది. పోటీదారు జేమ్స్ బుకానన్ డ్యూక్ అందుకున్నాడు. యంత్రాలతో సరుకు కుప్పలుగా వచ్చిపడింది, అమ్ముకోవడానికి పోటీ ముదిరింది, కార్డుల వరసలు వెల్లువెత్తాయి. 1887, 1888 సంవత్సరాల్లో కింబల్, గుడ్విన్ కంపెనీలు కూడా ఇలాంటి చాంపియన్ల వరసలే విడుదల చేశాయి.

ఆలెన్ అండ్ గింటర్ కార్డులను న్యూయార్క్‌లోని లిండ్నర్, ఎడీ అండ్ క్లాస్ ముద్రణాలయం రాతి అచ్చు పద్ధతిలో వేసింది. ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు. ఒక రంగు ఆరాక దాని మీద మరో రంగు, ఒక్క వెంట్రుకవాసి జరగకుండా పడాలి. ఒళ్లు, కండలు, మీసాలు అన్నీ కళాకారుడు చేత్తో పెట్టిన సన్నని చుక్కలతో తేలుతాయి. వార్తాపత్రికలు ఫొటోలను సరిగా అచ్చువేయలేని కాలంలో ఇంత నాణ్యమైన రంగుల బొమ్మ సామాన్యుడి చేతికి అందడం చిన్న సంగతి కాదు. ఆ తర్వాతి యాభై ఏళ్లలో వచ్చిన బాక్సింగ్ కార్డుల్లో పనితనంలో వీటిని మించినవి అరుదు.

పదిమందిలో అందరి కళ్లూ జాన్ ఎల్. సల్లివన్ మీదే. 1858లో బోస్టన్ దగ్గర ఐరిష్ వలస కుటుంబంలో పుట్టిన ఇతడు 1882లో మిసిసిపీ సిటీలో పాడీ రయన్‌ను ఓడించి చాంపియన్ అయ్యాడు. ఆ కాలంలో పందెం కట్టి చేసే ముష్టియుద్ధం అమెరికాలోని చాలా రాష్ట్రాల్లో నేరం. పోరు ఎక్కడ జరుగుతుందో చివరి గడియ వరకూ గుట్టుగా ఉంచేవారు. 1889 జూలై 8న మిసిసిపీ రాష్ట్రంలోని రిచ్‌బర్గ్‌లో సల్లివన్, జేక్ కిల్రెయిన్ తలపడినప్పుడు ప్రేక్షకులను న్యూ ఆర్లియన్స్ నుంచి ప్రత్యేక రైళ్లలో తరలించారు. మండుటెండలో 75 రౌండ్లు సాగిన ఆ పోరే ఒట్టి చేతులతో జరిగిన చివరి పెద్ద హెవీవెయిట్ చాంపియన్‌షిప్. గెలిచిన సల్లివన్ ఆ తర్వాత కోర్టు మెట్లు కూడా ఎక్కవలసి వచ్చింది. కిల్రెయిన్ కార్డు కూడా ఆ పదింటిలోనే ఉంది. 1888 మార్చిలో ఫ్రాన్స్‌లోని షాంటియీలో వానలో, బురదలో 39 రౌండ్లు పోరాడి సల్లివన్‌ను నిలువరించిన ఇంగ్లిష్ వాడు చార్లీ మిచెల్ కార్డు కూడా ఉంది. చట్టం వెంటాడుతున్న మనుషులనే ఒక పెద్ద కంపెనీ ‘ప్రపంచ చాంపియన్లు’ అని అచ్చువేసి అమ్మిందన్నమాట.

మిగిలినవారిలో ఓటమి లేకుండానే విరమించుకున్న లైట్‌వెయిట్ చాంపియన్ జాక్ మెకాలిఫ్, ‘నాన్‌పరేల్’ అని పేరుపడ్డ మిడిల్‌వెయిట్ చాంపియన్ జాక్ డెంప్సీ, బెల్‌ఫాస్ట్ నుంచి వచ్చిన ఐక్ వియర్, ఇంగ్లండ్ చాంపియన్ జెమ్ స్మిత్ ఉన్నారు. జిమ్మీ కార్నీ, జిమ్మీ కారల్, జో లానన్ పేర్లు నేడు సేకర్తలకు తప్ప ఎవరికీ తెలియవు. ఎక్కువమంది ఐరిష్, ఇంగ్లిష్ మూలాలున్న శ్రామిక కుటుంబాల వాళ్లు. పదిమందీ తెల్లవాళ్లే.

ఇది యాదృచ్ఛికం కాదు. సల్లివన్ నల్లవారితో టైటిల్ కోసం పోటీ చేయనని బాహాటంగా చెప్పినవాడు. కరీబియన్ దీవుల్లో పుట్టి ఆస్ట్రేలియాలో చాంపియన్ అయిన పీటర్ జాక్సన్ అతని కోసం ఎదురుచూసి అలసిపోయాడు. 1891లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జేమ్స్ కార్బెట్‌తో 61 రౌండ్లు పోరాడినా ఫలితం తేలలేదు. మరుసటి ఏడాది సెప్టెంబర్ 7న సల్లివన్‌తో గ్లవ్స్ తొడుక్కుని ఆడే అవకాశం కార్బెట్‌కే దక్కింది. 21వ రౌండ్‌లో సల్లివన్‌ను పడగొట్టి అతడు చాంపియన్ అయ్యాడు. జాక్సన్‌కు ఆ అవకాశం జీవితంలో రాలేదు. 1901లో చనిపోయాడు. 1887 కార్డుల వరసను చూసేటప్పుడు అందులో ఎవరున్నారో చూస్తే చాలదు, ఎవరిని రానివ్వలేదో కూడా చూడాలి.

1890లో ఆలెన్ అండ్ గింటర్, డ్యూక్, కింబల్, గుడ్విన్, కిన్నీ కంపెనీలు ఒక్కటై అమెరికన్ టొబాకో కంపెనీగా ఏర్పడ్డాయి. పోటీ పోయాక కార్డుల మీద ఖర్చు పెట్టాల్సిన పనిలేదు. కొద్ది ఏళ్లలోనే అమెరికాలో ఈ కార్డులు దాదాపు ఆగిపోయాయి. బ్రిటన్‌లో మాత్రం ఊపందుకున్నాయి. లివర్‌పూల్‌కు చెందిన ఓగ్డెన్స్ కంపెనీ ‘గినీ గోల్డ్’ బ్రాండుతో అసలు ఫొటోలనే చిన్న కార్డులుగా వేసి, రాజులు, సేనానులు, నటీమణుల పక్కన బాక్సర్లకూ చోటిచ్చింది. 1901లో అమెరికన్ టొబాకో కంపెనీ ఓగ్డెన్స్‌ను కొనేసి బ్రిటన్ మార్కెట్‌లోకి అడుగుపెట్టింది. దాన్ని ఎదుర్కోవడానికే అక్కడి కంపెనీలు కలిసి ఇంపీరియల్ టొబాకోగా ఏర్పడ్డాయి. ఆ వ్యాపార యుద్ధం బ్రిటిష్ కార్డులకు కలిసొచ్చింది.

అమెరికాలో రెండో వెల్లువ 1909 ప్రాంతంలో వచ్చింది. టర్కీ పొగాకు కలిపిన సిగరెట్లకు గిరాకీ పెరిగి మెక్కా, హసన్, టర్కీ రెడ్ వంటి బ్రాండ్లు వీధివీధినా అమ్ముడవుతున్నాయి. ఆ పెట్టెల్లో బాక్సర్ల కార్డులు వచ్చాయి. టర్కీ రెడ్ వారివి వేరే రకం: పెట్టెలో కార్డు ఉండదు, కూపన్ ఉంటుంది. పది కూపన్లు కంపెనీకి పంపితే గోడకు తగిలించుకునేంత పెద్ద కార్డు ఒకటి టపాలో వచ్చేది. నేపథ్యపు రంగుల గాఢతలో ఆ కాలంలో వీటికి సాటిలేదు. పిల్లల కోసం కారమెల్ మిఠాయి కంపెనీలు కూడా బాక్సర్ల కార్డులు వేశాయి. అవి చౌక అచ్చు, పిల్లల చేతుల్లో నలిగినవి. మంచి స్థితిలో దొరకడం సిగరెట్ కార్డుల కంటే కష్టం.

ఈ రెండో వెల్లువలో అసలైన మార్పు కార్డుల మీది మనుషుల్లో కనిపిస్తుంది. 1908 డిసెంబర్ 26న సిడ్నీలో టామీ బర్న్స్‌ను ఓడించి జాక్ జాన్సన్ తొలి నల్లజాతి హెవీవెయిట్ చాంపియన్ అయ్యాడు. తెల్లవారి పరువు నిలబెట్టమని, అప్పటికే విరమించుకున్న మాజీ చాంపియన్ జిమ్ జెఫ్రీస్‌ను మళ్లీ బరిలోకి దింపారు. 1910 జూలై 4న నెవాడాలోని రీనోలో 15వ రౌండ్‌లో జాన్సన్ అతణ్ని చిత్తుచేశాడు. దేశంలో అనేక చోట్ల నల్లవారి మీద దాడులు జరిగి ప్రాణాలు పోయాయి. ఆ పోటీ సినిమాను ఎన్నో నగరాల్లో ఆడనివ్వలేదు. 1912లో బాక్సింగ్ సినిమాలను రాష్ట్రాల మధ్య రవాణా చేయకూడదని కేంద్ర చట్టమే వచ్చింది. తెర మీద నిషేధించిన ఆ ముఖం సిగరెట్ పెట్టెల్లో మాత్రం దొరికేది. మెక్కా కార్డుల్లో జాన్సన్ ఉన్నాడు, మరో నల్లజాతి బాక్సర్ సామ్ లాంగ్‌ఫర్డ్ కూడా ఉన్నాడు. లాంగ్‌ఫర్డ్‌కు ప్రపంచ హెవీవెయిట్ టైటిల్ పోటీ ఎన్నడూ దక్కలేదు. నల్లవాడైన జాన్సన్ కూడా చాంపియన్ అయ్యాక అతనికి అవకాశం ఇవ్వలేదు. ఆ కార్డు వరసకు ‘చాంపియన్’ అనే పేరు పెట్టి లాంగ్‌ఫర్డ్‌ను అందులో చేర్చడం బాక్సింగ్ పెద్దలు చేయని న్యాయం. వ్యాపారులు న్యాయం కోసం చేసి ఉండరు, జనం అడిగారు కాబట్టి వేసి ఉంటారు. అయినా ఫలితం న్యాయంగానే ఉంది.

1911లో అమెరికా సుప్రీంకోర్టు అమెరికన్ టొబాకో కంపెనీని ముక్కలు చేయమని తీర్పునిచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంతో అమెరికాలో పొగాకు కార్డుల కాలం ముగిసింది. తర్వాత చికాగోలో తయారై నాణెం వేస్తే యంత్రంలోంచి వచ్చే ఎగ్జిబిట్ కార్డులు, బ్రిటన్‌లో 1938లో చర్చ్‌మన్ సిగరెట్ల బాక్సర్ల వరస, 1948లో లీఫ్ గమ్ కంపెనీ కార్డులు, 1951లో టాప్స్ వారి 96 కార్డుల ‘రింగ్‌సైడ్’ వరస వచ్చాయి. లీఫ్ వరసలోని రాకీ గ్రాజియానో కార్డు మధ్యలోనే ఆగిపోయి అతి కొద్ది ప్రతులే మిగిలాయి. బాక్సింగ్ కార్డుల్లో అన్నిటికంటే అరుదైన వాటిలో అదొకటి.

చెల్లాచెదురుగా పడివున్న ఈ కార్డులకు ఒక క్రమం తెచ్చినవాడు న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్‌కు చెందిన జెఫర్సన్ బర్డిక్. చిన్న ఉద్యోగి, కీళ్లవాతంతో చేతులు వంకరపోయిన మనిషి. 1939లో మొదటి జాబితా వేసి, తర్వాత దాన్ని ‘అమెరికన్ కార్డ్ కాటలాగ్’గా పెంచాడు. పందొమ్మిదో శతాబ్దపు పొగాకు కార్డులకు ‘ఎన్’, ఇరవయ్యో శతాబ్దపువాటికి ‘టి’, పాత మిఠాయి కార్డులకు ‘ఇ’ అక్షరం పెట్టాడు. ఆలెన్ అండ్ గింటర్ తొలి వరస ‘ఎన్28’, మెక్కా వరస ‘టి218’, టర్కీ రెడ్ బాక్సర్లు ‘టి9’. నేటికీ సేకర్తలు, వేలంపాటల వాళ్లు ఈ గుర్తులతోనే మాట్లాడుకుంటారు. మూడు లక్షలకు పైగా కార్డులు, కాగితపు వస్తువులు న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియానికి ఇచ్చి, తానే అక్కడ కూర్చుని ఏళ్ల తరబడి ఆల్బమ్‌లలో అంటించాడు. 1963 జనవరిలో ఆ పని పూర్తిచేశాడు, మార్చిలో కన్నుమూశాడు.

కొత్తగా సేకరించేవారు పేర్ల దగ్గరే ఎక్కువ పొరబడతారు. 1887 కార్డు మీది జాక్ డెంప్సీ, 1919లో హెవీవెయిట్ చాంపియన్ అయిన జాక్ డెంప్సీ ఒకరు కారు. మొదటివాడు 1895లోనే చనిపోయాడు, రెండోవాడు అతని పేరు పెట్టుకున్నాడు. జో వాల్కాట్‌లు కూడా ఇద్దరు. 1901లో వెల్టర్‌వెయిట్ చాంపియన్ అయినవాడు ఒకడు, 1951లో హెవీవెయిట్ టైటిల్ గెలిచిన ‘జెర్సీ జో’ మరొకడు. అందుకే కార్డు వెనకవైపు చూడాలి. బ్రాండు పేరు, ఫ్యాక్టరీ నంబరు, వరసలోని పేర్ల జాబితా అన్నీ అక్కడే ఉంటాయి.

నకిలీల బెడద కూడా ఉంది. భూతద్దం కింద పాత రాతి అచ్చు కార్డులో చుక్కలు చేత్తో పెట్టినట్టు హెచ్చుతగ్గులుగా కనిపిస్తాయి. కొత్త నకలులో నాలుగు రంగుల చుక్కలు వరసకట్టి గూడు అల్లినట్టు ఉంటాయి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కాగితంలో తెల్లదనం కోసం కలిపిన రసాయనాలు అతినీలలోహిత కాంతిలో మెరుస్తాయి, 1887 కాగితం అలా మెరవదు. అంచులు కత్తిరించి మూలలు కొత్తగా కనిపించేలా చేయడం మరో మోసం. కొలత తీస్తే అది బయటపడుతుంది. ఆల్బమ్‌లో జిగురుతో అంటించి పీకినందువల్ల వెనక అచ్చు చిరిగిన కార్డులు చాలా ఉన్నాయి. వాటి ధర తగ్గుతుంది కానీ అవి నిఖార్సయినవే. పరిమిత డబ్బుతో మొదలుపెట్టేవారు మెరిసే నకలు కంటే చిరిగిన అసలునే కొనాలి.

ధరల విషయంలో బాక్సింగ్ కార్డులు బేస్‌బాల్ కంటే చాలా వెనకబడి ఉన్నాయి. రెండో వెల్లువ కాలపు సిగరెట్ పెట్టెల్లో వచ్చిన హోనస్ వాగ్నర్ బేస్‌బాల్ కార్డు ఒకటి 2022లో 72.5 లక్షల డాలర్లకు చేతులు మారింది. బాక్సర్లలో ఏ కార్డుకూ ఆ దరిదాపుల్లో ధర లేదు. చరిత్రను బట్టి చూస్తే ఈ తేడా సరైనది కాదు. కానీ నిజంగా ఇష్టంతో సేకరించేవారికి అదే మేలు.

కొనే స్తోమత లేనివారు కూడా వీటిని చూడవచ్చు. బర్డిక్ అంటించిన కార్డుల్లో చాలావాటి బొమ్మలను మెట్రోపాలిటన్ మ్యూజియం తన వెబ్‌సైట్‌లో అందరికీ ఉచితంగా పెట్టింది. బ్రిటన్‌లో ఎడ్వర్డ్ వార్టన్ టైగర్ జీవితమంతా పోగుచేసిన పది లక్షలకు పైగా కార్డులు 1995లో ఆయన మరణానంతరం బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి.