నిత్యవాయువుల కథ



మార్గశిరమాసపు చలిలో తెల్లవారుజామున నేతిగిన్నె మూత తీసిచూచినచో నెయ్యి గడ్డకట్టి యుండును. పొయ్యిచెంత నుంచినచో అది కరగును. మరల చలిసోకినచో పేరును. అదే నేతితో దీపము వెలిగించినచో మండిపోవును. ఇక నెన్నటికిని నెయ్యి కాజాలదు. మొదటి మార్పునందు వస్తువు మారలేదు, దాని అవస్థ మాత్రమే మారినది. ఇది భౌతికమైన మార్పు. రెండవదానియందు వస్తువే వేరైనది. ఇది రసాయనికమైన మార్పు. ఈ భేదమును మనసున నుంచుకొని నేడు నేను చెప్పబోవు కథను వినుడు.

ఘనము, ద్రవము, వాయువు అని పదార్థమునకు ముఖ్యమైన అవస్థలు మూడు. నీటియందు ఈ మూటిని మనమెరుగుదుము: మంచుగడ్డ, నీరు, ఆవిరి. అట్లే మనము పీల్చు గాలి కూడ నీటివలె పాత్రలో నిలుచునా? పందొమ్మిదవ శతాబ్దపు నడుమ గొప్ప పండితులలో పలువురు నిలువదనియే తలచిరి.

వారి తలంపునకు కారణము లేకపోలేదు. 1823వ సంవత్సరమున లండనులో మైకేల్ ఫారడే యను నాతడు మూసిన గాజుగొట్టములో క్లోరిను వాయువును దాని ఒత్తిడిచేతనే ద్రవముగా మార్చెను. 1845 నాటికి పెక్కు వాయువులట్లే లొంగినవి. కాని ప్రాణవాయువు, నత్రజని, ఉదజని మొదలగు ఆరు మాత్రము ఎంత అదిమినను వాయువులుగనే యుండెను. వానికి 'నిత్యవాయువు'లని పేరిడిరి. ఈ పేరు తలచినపుడెల్ల నాకొక సంగతి తోచును: అది ఆ వాయువుల స్వభావమును తెలుపు పేరు కాదు, ఆనాటి మన శక్తికి గల మేరను తెలుపు పేరు.

చిక్కు విప్పినవాడు బెల్‌ఫాస్టు నగరపు థామస్ ఆండ్రూస్. బొగ్గుపులుసు వాయువు సుమారు 31 సెంటీగ్రేడు డిగ్రీలకు పైన నున్నంతవరకు ఎంత ఒత్తిడికిని ద్రవము కాదనియు, అంతకు చల్లబరచిన పిదపనే లొంగుననియు ఆతడు 1869లో వివరించెను. వస్తువులోని అణువులు ఎల్లపుడు చలించుచుండును. ఒకదాని నొకటి ఆకర్షించుచును ఉండును. వేడిమి హెచ్చినపుడు చలనము గెలుచును. చలి హెచ్చినపుడు ఆకర్షణ గెలుచును. ప్రతి వాయువునకును ఇట్టి హద్దొకటి కలదు. కావున కావలసినది ఒత్తిడి మాత్రమే కాదు, చలి.

మార్గము తెలిసినపిదప నిత్యత్వము నిలువలేదు. 1877 డిసెంబరులో ఫ్రాన్సున కాయెటే, జెనీవాలో పిక్టే వేరువేరుగా ప్రాణవాయువును తుంపురులుగా చూపిరి. 1883లో క్రాకో నగరమున వ్రూబ్లెవ్‌స్కీ, ఓల్‌షెవ్‌స్కీ అను నిరువురు దానిని గొట్టమున ద్రవముగా నిలిపిరి. అది లేత నీలివన్నె ద్రవము. సున్నకు దిగువ 183 డిగ్రీలయొద్ద మరగును. 1898లో జేమ్స్ డ్యూయర్ లండనులో ఉదజనిని లొంగదీసెను. అది సున్నకు దిగువ 253 డిగ్రీలయొద్ద మరగును.

ఇక మిగిలినది ఒక్కటే, హీలియము. దాని కథకై మనము కొంత వెనుకకు, మన గుంటూరునకు పోవలెను. 1868 ఆగస్టు 18వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణము పట్టెను. దానిని పరిశీలించుటకు ఫ్రాన్సునుండి జాన్సెను అను పండితుడు గుంటూరు వచ్చెను. మదరాసు ఖగోళశాలాధికారి పాగ్సను బందరులో నుండెను. సూర్యుని అంచున లేచు జ్వాలల వెలుగును జాన్సెను గాజుపట్టకముగుండ విడదీసి, ప్రకాశమానములైన రేఖలను చూచెను. అవి ఎంత కాంతితో నుండెననగా, మరునాడు గ్రహణము లేకయే ఆతడు వానిని మరల చూడగలిగెను. అదే సంవత్సరము అక్టోబరులో ఇంగ్లండునందు లాకియరు కూడ స్వతంత్రముగా ఆ పద్ధతినే కనుగొని, అందలి పసుపువన్నె రేఖ యొకటి ఉప్పులోని సోడియపు రేఖతో సరిపోలలేదని గుర్తించెను. భూమిపై నెరుగని ఆ పదార్థమునకు గ్రీకుభాషలోని సూర్యుని పేరునుబట్టి హీలియమను పేరు వచ్చెను. చాలమంది నమ్మలేదు. 1895లో విలియం రామ్సే యురేనియము గల యొక రాతినుండి ఆ వాయువును వెలికితీసెను.

అంతకాలమది ఏల దాగినది? హీలియము సాధారణముగా మరి యే వస్తువుతోను రసాయనికముగా కలియదు. ఇనుము తుప్పుపట్టినట్లు, నూనె మండినట్లు అది మారదు. తన జాడను మరియొకదానియందు విడువదు. దాని అణువుల నడుమ ఆకర్షణయు మిక్కిలి స్వల్పము. కావుననే అది అన్నిటికంటె కడపట లొంగినది. 1908 జూలై 10వ తేదీన హాలండు దేశపు లైడెను నగరమున కామర్లింగ్ ఓన్నెస్ దానిని ద్రవముగా చేసెను. ఆ హీలియము మొనజైటను ఇసుకనుండి తీసినది. అట్టి ఇసుక మన భీమునిపట్టణపు తీరమునను కలదు. ద్రవహీలియము సున్నకు దిగువ 269 డిగ్రీలయొద్ద మరగును.

అయినను అది పూర్తిగా లొంగలేదు. ఎంత చల్లార్చినను గడ్డకట్టదు. చలికి తోడు ఒత్తిడియు కావలెను. 1926లో కేసోమ్ అట్లే దానిని ఘనముగా చేసెను. మరింత చల్లార్చిన ద్రవహీలియము అడ్డులేక సన్నని సందులలో పారుననియు 1938లో తెలిసెను. నేడు పెద్ద ఆసుపత్రులలో శరీరాంతర్భాగములను చూపు ఎం.ఆర్.ఐ. యంత్రములు పెక్కింటిలో అయస్కాంతపు తీగచుట్టలను చల్లగా నుంచునది ఈ ద్రవమే.

పేరిన నెయ్యి, కరగిన నెయ్యి ఒకటియే యని మన ఇల్లాండ్రెరుగుదురు. గాలికిని అదే నీతియని తెలియుటకు పండితులకు అనేక సంవత్సరములు పట్టినది. కావున బిడ్డలు అడుగు ప్రశ్నకు "అది కాదు" అని చెప్పవలసి వచ్చినపుడు, "ఇంతవరకు కాలేదు" అని చెప్పుడని పెద్దలగు మిమ్ము వేడుకొనుచు సెలవు తీసికొనుచున్నాను.