పదునెనిమిదవ యేటి గడప

వైద్యశాస్త్ర చరిత్రమున యంత్రములను నిర్మించినవారికి గల కీర్తి, రోగికి తన వ్యాధితో జీవించుట నేర్పినవారికి లేదు. మూత్రపిండముల దీర్ఘవ్యాధితో పెరిగి పెద్దలైన బిడ్డల కథ ఈ లోపమును స్పష్టముగా తెలుపుచున్నది.

1943లో హాలండు దేశపు కాంపెన్ పట్టణమున విలెం కోల్ఫ్ అను వైద్యుడు డయాలిసిస్ అనబడు రక్తశుద్ధి యంత్రమును రోగులపై ఉపయోగించెను. ప్రతిమారును రక్తనాళమును కోయవలసియుండుటచే అది కొన్నినాళ్ల గండమును గడపుటకే పనికివచ్చెను. 1960లో అమెరికాలోని సియాటిల్ నగరమున బెల్డింగ్ స్క్రిబ్నర్, రోగిచేతి నాళములందు నెలల తరబడి నిలువగల టెఫ్లాన్ గొట్టము నమర్చి ఆ చిక్కును తీర్చెను. 1962లో అచ్చట చికిత్సాకేంద్రము వెలసెను. యంత్రములు కొన్ని, రోగులు పెక్కుమంది. ఎవరిని చేర్చుకొనవలయునో నిర్ణయించుటకు పురజనులతో ఒక సంఘము నేర్పరచిరి. ఆ సంఘము పిల్లలను అంగీకరింపలేదు. ఇట్లు నిరాకరింపబడిన యొక బాలిక కొఱకు, 1964లో ఆల్బర్ట్ బాబ్ అను ఇంజనీరు తన సహచరులతో గూడి, ఇంటిలో నడుపదగిన యంత్రమును నిర్మించెను. ఆనాడు బిడ్డలకు తలుపే లేదు.

అంతకు ముందే, 1954లో, బోస్టన్ నగరమున జోసెఫ్ మర్రే కవలసోదరులలో ఒకని మూత్రపిండమును వేఱొకని కమర్చి జయము గాంచెను. కవలలు కానివారి అవయవమును శరీరము పరాయిదిగా నెంచి ధ్వంసము చేయును. దానిని వారించు మందులు క్రమముగా వచ్చిన పిదప పిల్లలును బ్రదికి పెద్దలైరి. వారితోపాటు ఒక ప్రశ్నయు పెరిగెను: ఈ బిడ్డ రేపు ఎవరి రోగి?

శిశువైద్యశాలలో వైద్యుడు తల్లితో మాటలాడును. నర్సులు బిడ్డను చిన్ననాటినుండి ఎఱుగుదురు. పదునెనిమిదేండ్లు నిండగనే ఒక చీటీ వ్రాసి పెద్దల ఆసుపత్రికి పంపుట పెక్కుచోట్ల ఆచారమయ్యెను. అచ్చట తన వ్యాధిని తానే చెప్పుకొనవలెను. మందులు తానే జ్ఞాపకముంచుకొనవలెను. మందు మానినను వెంటనే నొప్పి పుట్టదు. రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరిగినదని తెలియునప్పటికే హాని జరిగియుండవచ్చును.

2000లో ఇంగ్లాండునుండి ప్రకటింపబడిన యొక పరిశీలనలో, ఇట్లు పంపబడిన 20 మందిలో మూడవవంతునకు పైగా మూడేండ్లలో మార్పిడి మూత్రపిండమును గోల్పోయిరి. దోషము బదిలీదే యనరాదు. 17 మొదలు 24 ఏండ్లవఱకు గల ప్రాయమే ఇట్టి నష్టమునకు మిక్కిలి అనువైనదని 2011లో వెలువడిన పరిశోధన తెలిపెను. కాని అంతటి అపాయకరమైన ప్రాయముననే పాత ఆశ్రయమును తీసివేయుట వివేకమగునా?

ఆక్స్‌ఫర్డు వైద్యులు 2006లో వేఱొక మార్గము త్రొక్కిరి. శిశువైద్యుడును పెద్దల వైద్యుడును ఒకేచోట కూర్చుండి యువకులను చూచిరి. యువజనుల కష్టసుఖములు విచారించుటకు ఒక కార్యకర్తను నియమించిరి. అంతకుముందు నేరుగా పంపబడిన 9 మందిలో 6 గురు మూత్రపిండమును గోల్పోయిరి. ఈ పద్ధతిలో వచ్చిన 12 మందిలో ఒక్కరును గోల్పోలేదు. సంఖ్యలు చిన్నవే, వానినిబట్టి సిద్ధాంతము చేయరాదు. అయినను అవి చూపు త్రోవ స్పష్టము. 2011లో అంతర్జాతీయ మూత్రపిండవైద్య సంఘములు రెండును కలిసి, ఈ సన్నాహము 12-14 ఏండ్లకే ప్రారంభింపవలెననియు, వయస్సొక్కటియే కొలత కారాదనియు ప్రకటించినవి.

ఈ బోధ ఆసుపత్రికే కాక గృహమునకును చెందును. మన దేశమున మూత్రపిండదాతలలో పెక్కుమంది బంధువులే. అందు తల్లులు అనేకులు. తన అవయవమునే యిచ్చిన తల్లి, మాత్రలడబ్బి తాళము మాత్రము బిడ్డకీయదు. ఇది ప్రేమయే, కాని పన్నెండవ యేటినుండి మందు పేరు, మోతాదు, పరీక్షఫలము బిడ్డచేతనే చెప్పించుటయు ప్రేమయే. వైద్యునియెదుట మొదటిమాట బిడ్డ పలుకునట్లు చేయుడు. రెండవమాట మీరు పలుకవచ్చును. ఇట్లు కొన్నియేండ్లు నడచిన బిడ్డకు పదునెనిమిదవ యేటి గడప భయము గొలుపదు.