తోలుపట్టీ మొదలు రబ్బరు బెల్టు వఱకు

సింగపూరు పూర్వవృత్తాంతములను 1902లో గ్రంథస్థము చేసిన చార్లెస్ బర్టన్ బక్లీ అను న్యాయవాదియే, ఆ ద్వీపమునకు తొలి మోటారుబండిని తెప్పించినవాఁడు. 1896లో ఓడ దిగిన ఆ బెంజి బండికి జనులు 'కాఫీయంత్ర' మని పేరు పెట్టిరి. ఆ కాలపు బెంజి బండి యడుగున వంగి చూచినవానికి నేఁటి కారులో కానరాని వస్తు వొకటి కనఁబడెడిది: వెడల్పాటి తోలుపట్టీ. ఇంజను బలము రెండు తోలుపట్టీల మూలమున అడ్డుకడ్డీకిని, అచటినుండి గొలుసుల మూలమున వెనుకచక్రములకును చేరెడిది. మెల్లగా పోవుట కొకటి, వేగముగా పోవుటకు మఱొకటి. మీట త్రిప్పఁగానే పట్టీ వట్టిగా తిరుగు కప్పీ మీఁదినుండి కడ్డీకి బిగించిన కప్పీ మీఁదికి జరిగి బండి కదలెడిది. తోలు చెమ్మకు సాఁగును, నూనె సోఁకిన జాఱును. ఏడాది పొడుగునను వానలు కురియు ద్వీపమున అట్టి బండిని పోషించువానికి పట్టీ బిగించుట నిత్యకృత్యము గాక తప్పదు.

ఆ తోలును తొలఁగించిన పదార్థము అదే ద్వీపమున, బక్లీ బండి రాకకు చాల ముందే, వేరూని యుండెను. 1877లో లండను క్యూ తోటలనుండి సింగపూరు ఉద్యానమునకు చేరిన ఇరువదిరెండు రబ్బరు మొలకలను మొదట నెవ్వరును లక్ష్యపెట్టలేదు. 1888లో ఆ తోటకు అధికారియై వచ్చిన హెన్రీ రిడ్లీ, చెట్టు చావకుండ బెరడును ఏటవాలుగా చెక్కి పాలు తీయు విధమును సాధించి, కాఫీతోటల యజమానులను రబ్బరు నాటుఁడని వేఁడుచు తిరుగఁగా, వారతనిని పిచ్చివాఁడనిరి. మోటారుబండ్లు పెరుగఁగా ఆ పిచ్చియే మలయా దేశమున కైశ్వర్యమయ్యెను. విశాఖపట్టణము, గోదావరి జిల్లాలనుండి ఓడలెక్కి తోటకూలికి పోయిన మనవారును ఆ దేశమున నుండిరి. తెల్లవాఱకముందే లేచి చెట్టు చెట్టునకు కత్తిగాటు పెట్టి చిప్పలలో పాలు పట్టిన కూలివారి పేరు ఏ కారుమీఁదను చెక్కఁబడలేదు. చెక్కఁబడి యుండవలసినదని నా నమ్మకము. ఆ రబ్బరు సింగపూరు రేవు మీఁదుగా లోకమునకు పోయెను. 1917లో అమెరికాలో జాన్ గేట్సు పైన వెడల్పుగను అడుగున సన్నముగను ఉండు రబ్బరు బెల్టును కల్పించెను. కప్పీ గాడిలో అంచులతో నొదిగి పట్టుకొను ఆ బెల్టే నేఁటికిని పాతకార్ల ఫ్యాన్ బెల్టు.



పాత వోక్స్‌వాగన్ బీటిల్ బెల్టు మార్చుట చూచినవారికి ఈ పనిలోని నేర్పు తెలియును. దానిలో డైనమోను, ఇంజనును చల్లార్చు ఫ్యానును ఒకే బెల్టు త్రిప్పును. అది తెగినచో ఎఱ్ఱదీపము వెలుఁగును, తత్‌క్షణమే ఇంజను నాపకున్న కాలిపోవును. డైనమో కప్పీ రెండు చిప్పలుగా విడివడును. నడుమ పలుచని రేకుబిళ్ల లుండును. ఒక బిళ్ల తీసినచో చిప్పలు దగ్గఱై బెల్టు పైకెక్కి బిగియును. తీసిన బిళ్లను పాఱవేయక చిప్ప వెలుపల నట్టు క్రింద దాఁచుదురు. తరువాతి బెల్టునకు అది మరల కావలసివచ్చును. బొటనవ్రేలితో నొక్కిన అర అంగుళము మాత్రమే దిగవలెను. వేడికి గట్టిపడి బీటలు వాఱిన బెల్టును ఇంకొక నెల యీడ్చుట తగదు.

క్రిందినుండి చేయి పెట్టవలసిన బండ్ల విషయమున మఱింత శ్రద్ధ కావలెను. ఎండకు మెత్తఁబడిన తారుమీఁద జాకీ దిగఁబడును. క్రింద మందపు పలక వేయవలెను. నేలపై నిలుచు చక్రములకు ముందు వెనుకల దిమ్మెలు పెట్టవలెను. సముద్రపు గాలికి తుప్పు తిన్న తలుపు క్రింది రేకునకు జాకీ తగిలించిన అది లోనికి కూలును. గట్టి చాసిస్ వద్దనే ఎత్తవలెను. నూనె జాకీ లోపలి వాషరు అరిగినచో చప్పుడు లేకుండ దిగును. ఎత్తినంతనే ఇనుప స్టాండ్లపై బండిని నిలిపి, చేతితో ఊఁపి చూచి, పిదప క్రిందికి పోవలెను. ఇటుకలు నమ్మఁదగినవి కావు.

1990లో కార్ల సంఖ్యకు పరిమితి విధించిన సింగపూరులో, ముప్పదియైదేండ్లు దాఁటిన కార్లను ప్రత్యేక పద్ధతిని నమోదు చేసికొన్నవారు ఏడాదికి 45 దినములు మాత్రమే నడుపవచ్చును. తక్కిన మున్నూట ఇరువది దినములు అవి షెడ్డులో నుండును. బెల్టును చూచికొనుటకు ఆ తీఱిక చాలును. మన యిండ్లలోను తాతలనాఁటి అంబాసిడరో ఫియటో కలవారున్నారు. వారికి నా మనవి యొకటే: జాకీ యొక్కదానినే నమ్మి బండి క్రిందికి పోకుఁడు, మీ పిల్లలను పోనీయకుఁడు.